ఏనుగు చెత్తకుప్ప దాకా ఎలా వచ్చింది?

శ్రీలంక తూర్పు వైపు అంపార అని ఒక జిల్లా ఉంది. కొలంబో నుంచి 210 కిలోమీటర్ల దూరం. ఆ జిల్లాలో పల్లక్కాడు అనే ఊరి పక్కన చెత్త డంపింగ్ యార్డు ఉంది. 2022 జనవరిలో అక్కడ రెండు ఏనుగులు చచ్చి పడి కనిపించాయి. అంతకు ముందు ఎనిమిదేళ్లలో అక్కడి చెత్త తిని చనిపోయినవాటిని కలిపితే లెక్క ఇరవై దాకా తేలింది. చనిపోయిన ఏనుగులను పరీక్షించిన పశువైద్యుడు నిహాల్ పుష్పకుమార అప్పట్లో చెప్పిన వివరం ఇది: కడుపులో పాలిథిన్, తినుబండారాల రేపర్లు, ప్లాస్టిక్, అరగని మరికొన్ని వస్తువులు, నీళ్లు తప్ప ఏమీ లేవు. ఏనుగు మామూలుగా మేసే మేత ఆనవాలు కూడా కనపడలేదు.

చెత్తలో తొండం పెట్టి పాలిథిన్ సంచి నోట్లో వేసుకుంటున్న ఏనుగుల ఫొటోలు ఆ రోజుల్లో ప్రపంచమంతా తిరిగాయి. చూసినవాళ్లలో చాలామంది ప్లాస్టిక్‌ని తిట్టారు. తిట్టాల్సిందే. అయితే ఈ కథలో ప్లాస్టిక్ వచ్చేది చివరి అంకంలో. ఆ ఏనుగు మేసే చోటు ఏమైంది, చెత్తకుప్ప సరిగ్గా దాని దారిలోకే ఎలా వచ్చింది, ఒకసారి వచ్చిన ఏనుగు మళ్లీ మళ్లీ ఎందుకు వస్తోంది? ఈ మూడూ విప్పుకుంటే గానీ ఆ చావు అర్థం కాదు. అడవి పోవడం ఒక సమస్య, చెత్త ఇంకో సమస్య అన్నట్టు విడివిడిగా రాస్తుంటారు. నాకు మాత్రం అవి ఒకే తాడుకు రెండు కొసల్లా కనిపిస్తాయి.

పల్లక్కాడులో జరిగింది

ఆ యార్డు 2008లో యూరోపియన్ యూనియన్ ఆర్థిక సాయంతో మొదలైంది. చుట్టుపక్కల తొమ్మిది ఊళ్ల చెత్త అక్కడికి చేరేది. దాన్ని రీసైకిల్ చేయాలన్నది ఆలోచన. ఆ పని జరగలేదు గానీ చెత్త వచ్చి పడటం మాత్రం ఆగలేదు. ఏనుగులు రాకుండా చుట్టూ కరెంటు కంచె వేశారు. 2014లో పిడుగు పడి కంచె పాడైంది. దాన్ని బాగుచేయించిన నాథుడు లేడు. అప్పటి నుంచి ఏనుగులకు అడ్డే లేకుండా పోయింది.

దాంతో చుట్టుపక్కల పల్లెలకు కొత్త తలనొప్పి మొదలైంది. చెత్త కోసం వచ్చిన ఏనుగు చెత్త దగ్గరే ఆగదు కదా. జనం టపాకాయలు కాల్చి తరిమారు. కొందరు సొంతంగా కరెంటు తీగలు కట్టుకున్నారు. అవి ఎలా కట్టాలో తెలియక కట్టినవి, ఏనుగుకూ ప్రమాదమే, కట్టిన మనిషికీ ప్రమాదమే.

పల్లక్కాడు ఒక్కటే అయితే ఏదో ఒక మూల జరిగిన పొరపాటు అనుకోవచ్చు. శ్రీలంకలో వన్యప్రాణులు తిరిగే ప్రాంతాల్లో ఇలాంటి డంపులు 54 ఉన్నాయనీ, వాటి చుట్టూ సుమారు 300 ఏనుగులు తిరుగుతున్నాయనీ అక్కడి అధికారులే చెప్పారు. ఆ డంపుల్లోని చెత్తను రీసైకిల్ చేస్తామని, చుట్టూ కరెంటు కంచెలు వేస్తామని 2017లో ప్రభుత్వం ప్రకటించింది. రెండూ పూర్తిగా అమలు కాలేదు.

ఇందులో దుర్మార్గుడు ఎవరా అని వెతికితే ఎవరూ దొరకరు. డబ్బు వచ్చింది, స్థలం దొరికింది, కంచె కూడా లేచింది. పిడుగు పడ్డాక కంచెను మళ్లీ నిలబెట్టే పని మాత్రం ఎవరి నెత్తినా పడలేదు. మన పంచాయతీల్లో ‘చెత్త నుంచి సంపద’ షెడ్లకు తాళాలు వేలాడటం చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

కడుపులో ఏమవుతుంది

ఆవులా, గేదెలా ఏనుగు నెమరు వేయదు. దానికి ఉండేది ఒకే పొట్ట. తిన్నది వెనక పేగుల్లో పులిసి అరుగుతుంది. ఈ పద్ధతిలో మేతలో సగం కూడా ఒంటికి పట్టదు, 40 నుంచి 45 శాతం పడితే గొప్ప. అందుకే ఏనుగు అంత తినాలి. పెద్ద ఏనుగు రోజుకు 150 కిలోల దాకా గడ్డి, ఆకు, బెరడు, వెదురు మేస్తుంది, వంద లీటర్లకు పైగా నీళ్లు తాగుతుంది. రోజులో 16 నుంచి 18 గంటలు దాని పని మేయడమే. ఈ లెక్కను గుర్తుపెట్టుకోవాలి. ఏనుగుకూ మనిషికీ మధ్య వచ్చే పేచీలన్నీ చివరికి దీని దగ్గరికే వస్తాయి.

ఇంత కష్టపడి మేసే జంతువుకు ఒకే చోట, నమలడానికి మెత్తగా, ఉప్పగా, తియ్యగా, బలంగా ఉండే తిండి కుప్పగా పోసి కనిపిస్తే ఏం చేస్తుంది? ఏనుగు ముక్కు గొప్పది. పండు వాసన, పులిసిన అన్నం వాసన చాలా దూరం నుంచే పట్టేస్తుంది. ఉప్పు మట్టి కోసం అడవిలో ఎంతో దూరం నడుస్తుంది. పాలిథిన్ మీద దానికి ప్రత్యేకంగా మోజేమీ లేదు. దానికి కావాల్సింది సంచిలో ముడివేసి పారేసిన సాంబారన్నం, అరటి తొక్కలు, పచ్చడి అంటిన కాగితం, చిప్స్ ప్యాకెట్ అడుగున మిగిలిన ఉప్పూకారం. మూట విప్పి అన్నం తీసుకుని సంచి పక్కన పడేయడం దానికి తోచదు. మూట మూటగా లోపలికి పోతుంది.

అందులో కొంత పేడతో బయటికి వచ్చేస్తుంది. అందుకే చెత్త తిన్న ప్రతి ఏనుగూ వెంటనే చావదు. లోపల మిగిలిపోయింది పేగుల్లో ఉండచుట్టుకుంటుంది. ఆ ఉండ పెరిగేకొద్దీ కొత్త మేతకు దారి మూసుకుపోతుంది. పొట్ట నిండుగా ఉన్నట్టే ఉంటుంది, ఒంటికి మాత్రం ఏమీ పట్టదు. నాలుగైదు టన్నుల శరీరం పస్తుతో కుంగిపోతుంది. గాజు పెంకో, ఇనుప ముక్కో పేగు కోస్తే అది ఇంకో రకం చావు. కుళ్లిన తిండిలో పెరిగే సూక్ష్మజీవులు, కుప్ప కింద నుంచి కారే నల్లటి నీళ్లు, బ్యాటరీలు, మందు డబ్బాలు అన్నీ కలిసి చేసే హాని వేరు. వీటిలో ఏది ఎంత పనిచేసిందో బతికున్న ఏనుగును చూసి చెప్పడం కష్టం. చనిపోయాక కోసి చూస్తే గానీ తెలియదు.

మనకు దగ్గర్లోనే ఒకటి జరిగింది. 2025 మేలో కోయంబత్తూరు దగ్గర మరుదమలై కొండ దిగువన ఒక ఆడ ఏనుగు లేవలేక పడిపోయింది. అటవీ శాఖ వాళ్లు, వైద్యులు కుంకీ ఏనుగును (అడవి ఏనుగులను అదుపు చేయడానికి తర్ఫీదు ఇచ్చిన ఏనుగు), క్రేన్‌ను తెచ్చి దాన్ని నిలబెట్టడానికి కొన్ని రోజులు పాట్లు పడ్డారు. బతకలేదు. పోస్ట్‌మార్టంలో పేగుల్లో ప్లాస్టిక్ దొరికింది. గర్భంలో పిండం ఉంది. ఏనుగు కడుపుతో ఉండేది 22 నెలలు, ఒక్కో కాన్పుకు మధ్య నాలుగైదేళ్లు. ఒక తల్లి పోతే ఆ గుంపు కోలుకోవడానికి పట్టే కాలం ఎంతో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. ఆ కొండ కింద చెత్త డంపు ఉందని, ఏనుగులు అక్కడికి వస్తున్నాయని స్థానికులు అంతకు ముందు నుంచే మొత్తుకుంటున్నారు.

పేడలో దొరికిన సాక్ష్యం

చెత్త తిన్న ఏనుగు డంపు దగ్గరే ఉండిపోదు. అడవిలోకి తిరిగి వెళ్తుంది. అప్పుడేం జరుగుతుందో ఉత్తరాఖండ్‌లో చేసిన ఒక పరిశోధన చూపించింది. గీతాంజలి కట్లం అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు కోట్‌ద్వార్, హరిద్వార్ చుట్టుపక్కల అడవుల్లో ఏనుగు పేడ నమూనాలు సేకరించి విడదీసి చూశారు. 2022లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు మూడింట ఒక వంతు నమూనాల్లో మనుషులు పారేసిన చెత్త ఉంది. కోట్‌ద్వార్ వైపు దొరికిన ముక్కల్లో 85 శాతం ప్లాస్టిక్కే. ఒక మిల్లీమీటర్ ముక్క నుంచి 40 సెంటీమీటర్ల ముక్క దాకా ఉన్నాయి. గాజు, రబ్బరు, గుడ్డ పీలికలు కూడా వచ్చాయి.

నన్ను ఆపి ఆలోచింపజేసింది ఇంకో అంకె. అడవి అంచున దొరికిన పేడలో కన్నా అడవి లోపల దొరికిన పేడలో ప్లాస్టిక్ ముక్కలు రెట్టింపు ఉన్నాయి. అంటే ఊరి పక్కన తిన్నది ఏనుగు లోపలికి మోసుకెళ్తోంది. ఏనుగు పేడ అడవికి విత్తనాల సంచి లాంటిదని జీవశాస్త్రం చదివినవాళ్లు చెబుతారు. పెద్ద పండ్లను మింగి, మైళ్ల దూరం నడిచి, ఎరువుతో సహా గింజను నేలలో వేసే జంతువులు చాలా తక్కువ. పేడపురుగులు, పక్షులు, చిన్న జంతువులు ఆ పేడ మీద ఆధారపడతాయి. ఇప్పుడు అదే దారిలో ప్లాస్టిక్ కూడా పోతోంది. చెత్త బండి ఎప్పటికీ వెళ్లలేని చోటికి చెత్త చేరుతోంది.

అడవి తగ్గడం అంటే మూడు రకాలు

అడవి తగ్గింది అనగానే చెట్లు కొట్టేశారు అనుకుంటాం. అది ఒక భాగం మాత్రమే. అంపారనే చూద్దాం. శ్రీలంకకు స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, 1949లో, అక్కడ గల్ ఓయ నది మీద భారీ ప్రాజెక్టు మొదలుపెట్టారు. సేనానాయక సముద్రం అనే పెద్ద జలాశయం వచ్చింది. దాని కింద అడవిని నరికి వరి మళ్లు చేశారు, వేల కుటుంబాలను తెచ్చి భూములిచ్చారు. అంపార పట్టణం పెరిగిందే ఆ ప్రాజెక్టు వల్ల. తర్వాత 1970ల చివర్లో మహావెలి పథకం వచ్చి పొడి ప్రాంతపు అడవుల్లో ఇంకా పెద్ద ఎత్తున ఇదే పని చేసింది. ఆకలి తీర్చడానికి చేసిన పనులివి, వాటిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. నాగార్జునసాగర్ కింద అన్నం తినేవాళ్లం మనం. కాకపోతే ఆ మళ్లు అంతకు ముందు ఖాళీ నేల కావు. 19వ శతాబ్దంలో 14,000 దాకా ఉన్నాయని చెప్పే శ్రీలంక ఏనుగులు 2011 లెక్కల నాటికి 6,000 లోపే తేలాయి.

రెండోది, ఉన్న అడవి ముక్కలు కావడం. ఆసియా మొత్తానికి 1700 సంవత్సరం నుంచి భూమి వాడకం ఎలా మారిందో లెక్కవేసిన ఒక అధ్యయనం 2023లో వచ్చింది. ఏనుగులు బతకడానికి అనువైన నేలలో 64 శాతం పోయిందని అది తేల్చింది. అంతకన్నా ముఖ్యమైన సంగతి, మిగిలిన అడవి తునకల సైజు. ఒకప్పుడు ఒక్కో తునక సగటున 99,000 చదరపు కిలోమీటర్లు ఉండేది, ఇప్పుడు 16,000. అడవి విస్తీర్ణం మ్యాపులో పచ్చగానే కనపడుతుంది. మధ్యలో రైలు పట్టా, హైవే, కాలువ, రిసార్టు గోడ వచ్చి ఏనుగు మాత్రం అటు నుంచి ఇటు రాలేదు. నీలగిరిలో సిగూరు పీఠభూమి ఏనుగుల దారిలో కట్టిన రిసార్టులను ఖాళీ చేయాలన్న మద్రాస్ హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు 2020 అక్టోబరులో సమర్థించింది. ఒక్క దారి కోసం కోర్టుల్లో పట్టిన కాలం అది. దేశంలో ఇలాంటి ఏనుగుల దారులు 150 ఉన్నాయని 2023లో కేంద్ర ప్రభుత్వం లెక్క చెప్పింది.

మూడోది కంటికి కనపడనిది. చెట్లు ఉంటాయి, పచ్చదనం ఉంటుంది, మేత ఉండదు. బందీపూర్, ముదుమలై వైపు వెళ్లినవాళ్లు రోడ్డుకు రెండు వైపులా రంగురంగుల చిన్న పూలున్న పొదలు చూసే ఉంటారు. అది లాంటానా. బ్రిటిష్‌వాళ్లు అందం కోసం తెచ్చిన మొక్క. అది పాకిన చోట గడ్డి మొలవదు, ఏనుగు దాన్ని తినదు. మన దేశంలో పులులు తిరిగే అడవుల్లో 40 శాతానికి పైగా దాని బారిన పడిందని ఒక అంచనా. ఉపగ్రహ చిత్రంలో అది అడవిగానే లెక్క. 150 కిలోల మేత వెతుక్కునే జంతువుకు అది ఖాళీ కంచం.

ఈ మూడూ కలిస్తే ఏనుగు బయటికి రాక తప్పదు. అసలు ‘బయట’ అన్న మాట కూడా కొంత మన భ్రమే. ఏనుగుల మీద పరిశోధన చేసే పృథివీరాజ్ ఫెర్నాండో బృందం శ్రీలంక అంతా సర్వే చేస్తే, దేశంలో 60 శాతం నేల మీద ఏనుగులు తిరుగుతున్నాయని, అందులో దాదాపు 70 శాతం చోట్ల మనుషులూ నివసిస్తున్నారని తేలింది. ఏనుగు అడవిలో, మనిషి ఊళ్లో అన్న గీత మన మ్యాపుల్లోనే ఉంది.

కుప్ప అక్కడే ఎందుకు?

డంపింగ్ యార్డు ఎక్కడ పెట్టాలో మన దేశంలో నిబంధనలున్నాయి. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు నదికి 100 మీటర్లు, చెరువుకు 200 మీటర్లు, హైవేకి, ఇళ్లకు, పార్కులకు, తాగునీటి బావులకు 200 మీటర్లు, విమానాశ్రయానికి 20 కిలోమీటర్ల దూరం ఉండాలన్నాయి. విమానాశ్రయానికి అంత దూరం ఎందుకంటే కుప్ప మీద వాలే పక్షులు విమానాలకు తగులుతాయని. చెత్త జంతువులను లాగుతుందన్న సంగతి ఆ నిబంధన రాసినవాళ్లకు బాగా తెలుసన్నమాట. సున్నితమైన పర్యావరణ ప్రాంతాల్లో పెట్టకూడదనీ వాటిలో ఉంది. అక్కడ మాత్రం మీటర్లు, కిలోమీటర్లు లేవు.

ఇప్పుడు ఒక చిన్న మున్సిపాలిటీ ఆఫీసులో కూర్చుని మ్యాపు చూస్తున్నట్టు ఊహించుకోండి. ఇళ్లకు దూరం, రోడ్డుకు దూరం, చెరువుకు దూరం, ప్రైవేటు పట్టా భూమి కాకూడదు, ఊరివాళ్లు ధర్నా చేయకూడదు. ఒక్కోటి కొట్టేస్తూ పోతే చివరికి మిగిలేది కొండ కింద ప్రభుత్వ బంజరు. అడవి అంచు. ఏనుగు ఊరికి దూరంగా, రోడ్డుకు దూరంగా నడిచే చోటు కూడా అదే. మనకు పనికిరాని నేల అనుకున్నది దానికి దారి. ఇక్కడ ఎవరూ కావాలని చేసిన కుట్ర లేదు, ఫైలు కదిలిన తీరే అంత.

అడవిని కోల్పోయిన ఏనుగు, ఊరు వద్దనుకున్న చెత్త ఒకే చోటికి చేరడం ఇలా జరుగుతుంది. ఆ పైన నేర్చుకోవడం అనేది ఉంటుంది. ఏది తినొచ్చో పిల్ల ఏనుగు తల్లిని, గుంపును చూసి నేర్చుకుంటుంది. ముందుగా సాహసం చేసేవి సాధారణంగా ఒంటరి మగ ఏనుగులు. బలమైన తిండి దొరికితే ఒళ్లు పెరుగుతుంది, ఒళ్లు పెరిగితే జత కట్టే పోటీలో గెలుస్తాయి, అందుకే అవి ప్రమాదాన్ని లెక్కచేయవని రామన్ సుకుమార్ లాంటి శాస్త్రవేత్తలు దశాబ్దాల కిందటే వివరించారు. తల్లీపిల్లలున్న గుంపు కూడా రావడం మొదలైందంటే ఆ చోటు అలవాటులో పడిపోయిందని అర్థం.

మన వైపు

రెండు వందల ఏళ్ల పాటు ఆంధ్ర ప్రాంతంలో అడవి ఏనుగులు లేవంటారు. 1980ల మధ్యలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి గుంపులు చిత్తూరు జిల్లాలోకి వచ్చాయి. కుప్పం, పలమనేరు వైపు స్థిరపడ్డాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పాటు చేశారు. దాని విస్తీర్ణం సుమారు 357 చదరపు కిలోమీటర్లు. దక్షిణాదిలో ఒక గుంపు తిరిగే పరిధే వందల చదరపు కిలోమీటర్లు ఉంటుంది. పైగా కౌండిన్య పొడవాటి సన్నటి అడవి, ఎండాకాలంలో నీళ్లు తక్కువ. రెండు వైపులా మామిడి తోటలు, టమాటా, చెరకు, అరటి. ఏనుగు నాలుగు అడుగులు వేస్తే పొలంలో ఉంటుంది. రైతు కడుపుమంట నిజమైనది. ఏడాది కష్టం ఒక్క రాత్రిలో పోతుంది, నష్టపరిహారం ఎప్పుడొస్తుందో తెలియదు.

ఉత్తరాన ఒడిశా నుంచి వచ్చిన ఏనుగులు శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో తిరుగుతున్నాయి. 2023 మేలో భామిని మండలంలో కరెంటు షాక్‌తో నాలుగు ఏనుగులు ఒకేసారి చనిపోయాయి. మరుసటి నెల పలమనేరు దగ్గర హైవే దాటుతున్న మూడు ఏనుగులను సరుకు వాహనం ఢీకొట్టింది, మూడూ పోయాయి.

చెత్తతో చనిపోయినవి ఇందులో ఏవీ లేవు కదా అనొచ్చు. ఇక్కడే లెక్కల సంగతి చూడాలి. 2019 నుంచి 2024 వరకు ఐదేళ్లలో దేశంలో అసహజ కారణాలతో 528 ఏనుగులు చనిపోయాయని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. కరెంటు షాక్ 392, రైళ్లు 73, వేట 50, విషం 13. కలిపి చూడండి, సరిగ్గా 528. చెత్తకు అందులో గడి లేదు. పేగుల్లో ప్లాస్టిక్‌తో నెలల తరబడి నీరసించి అడవిలో ఎక్కడో కూలిన ఏనుగు జబ్బుతో పోయినట్టో, వయసు మీద పడి పోయినట్టో రాస్తారు. చెత్త కోసం ఊరి అంచుకు వచ్చి తీగకు తగిలితే అది కరెంటు గడిలోకి పోతుంది. రోడ్డు దాటుతూ చనిపోతే ప్రమాదం. కుప్ప పేరు ఏ కాగితంలోనూ రాదు. ఇంచుమించు అదే కాలంలో, 2019 నుంచి 2023 దాకా, ఏనుగుల వల్ల 2,853 మంది మనుషులు చనిపోయారు. ఆ లెక్కలోనూ ఏనుగు అక్కడికి ఎందుకు వచ్చిందన్న వివరం ఉండదు.

కంచె ఎందుకు చాలదు

ఏనుగు వచ్చిందంటే మనకు తోచేవి మూడు: కంచె, కందకం, తరమడం. శ్రీలంకలో కరెంటు కంచెలు వేల కిలోమీటర్లు ఉన్నాయి. వాటిలో చాలావాటిని అటవీ శాఖ, వన్యప్రాణి శాఖల సరిహద్దు గీతల మీద వేశారు. ఏనుగులు ఆ గీతకు రెండు పక్కలా ఉన్నాయి. అలాంటి కంచె ఎవరిని ఎవరి నుంచి ఆపుతుంది? గుంపులను తరిమి పార్కుల్లోకి నెట్టి కంచె మూసేసిన చోట్ల లోపల మేత చాలక అవి బక్కచిక్కిపోయాయి. పట్టి దూరంగా వదిలిన మగ ఏనుగుల్లో కొన్ని తిరిగి పాత చోటికే నడుచుకుంటూ వచ్చాయి, కొన్ని దారిలో కొత్త ఊళ్లతో తగువు పెట్టుకున్నాయి.

అక్కడే పనిచేసిన కంచెలు కూడా ఉన్నాయి. ఊరి చుట్టూ, పంట ఉన్నంత కాలం పొలం చుట్టూ, రైతులే వేసుకుని రైతులే చూసుకునేవి. కోత అయ్యాక తీసేస్తారు, ఏనుగులు వచ్చి కొయ్యకాళ్లు మేస్తాయి. అడవిని మూయడం మానేసి ఊరిని కాపాడుకోవడం అన్నమాట. ఎవరి కంచె వాళ్లది కాబట్టి పిడుగు పడితే మర్నాడే బాగుచేసుకుంటారు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కర్ణాటకతో ఒప్పందం చేసుకుని 2025 మేలో కుంకీ ఏనుగులను తెచ్చింది. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం పెట్టారు. పొలంలో పడ్డ గుంపును వెనక్కి మళ్లించడానికి కుంకీలు నిజంగా పనికొస్తాయి, అందులో అనుమానం లేదు. అవి మళ్లించిన చోట మేత, నీళ్లు ఉన్నాయా అన్నది కుంకీ తేల్చే విషయం కాదు.

చెత్త విషయంలో పని ఇంకా తేలిక, ఎందుకంటే ఏనుగుకు కావాల్సింది ముఖ్యంగా తడి చెత్తే. అన్నం, కూరగాయల తొక్కలు, పండ్లు యార్డుకు రాకుండా ఊళ్లోనే ఎరువైపోతే, పొడి ప్లాస్టిక్ కుప్పలో ఏనుగుకు వాసన పట్టేది పెద్దగా మిగలదు. తడి, పొడి వేరు చేయమని మున్సిపాలిటీ ఆకుపచ్చ డబ్బా, నీలం డబ్బా ఇస్తే మనం రెండిట్లో ఒకటి బియ్యానికి వాడుకుంటున్నాం. నగరంలో దీనివల్ల వచ్చేది కంపు. పలమనేరు లాంటి ఊళ్లో అయితే దీనివల్ల ఏనుగు రావచ్చు. అడవి అంచు పట్టణాలకైనా ఈ వేరుచేసే పనిని కచ్చితంగా అమలు చేయిస్తే, దానికయ్యేది ఏనుగులను తరమడానికి ఏటా కొనే టపాకాయల ఖర్చు కన్నా ఎక్కువ కాకపోవచ్చు.

అడవిలోకి చెత్త తీసుకెళ్లేది అంచు పల్లెలు మాత్రమే అనుకుంటే అన్యాయం. శబరిమల ఉన్నది పెరియార్ పులుల అభయారణ్యంలో. ఏటా మన రాష్ట్రాల నుంచి లక్షల మంది మాల వేసుకుని అక్కడికి వెళ్తారు. ఇరుముడిలో పసుపు, కుంకుమ, బియ్యం, అటుకులు అన్నీ చిన్న చిన్న ప్లాస్టిక్ ప్యాకెట్లలో కట్టిస్తారు, బజార్లో అలాగే దొరుకుతాయి కాబట్టి. కేరళ హైకోర్టు అక్కడ ప్లాస్టిక్ నిషేధించింది, దేవస్థానం బోర్డు ఇరుముడిలో ప్లాస్టిక్ పెట్టొద్దని చెబుతూనే ఉంది. ఆ మాట మన ఊరి గురుస్వామి దాకా, పూజా సామాను కొట్టు దాకా వస్తే గానీ లాభం లేదు. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఆపి గాజు సీసాలు తెచ్చినప్పుడు జనం మొదట సణిగారు, తర్వాత అలవాటు పడ్డారు. పాపవినాశనం దారిలో ఏనుగులు కనపడుతుంటాయి కాబట్టి అక్కడ ఆ నియమానికి అర్థం ఇంకా ఎక్కువ.

ఇక తెలంగాణ సంగతి. చాలాకాలంగా అక్కడ అడవి ఏనుగు మాటే లేదు. ఛత్తీస్‌గఢ్ నుంచి ఒక గుంపు 2021లో మహారాష్ట్రలోని గడ్చిరోలి అడవులకు చేరింది. 2024 ఏప్రిల్‌లో ఒక ఏనుగు అటు నుంచి ప్రాణహిత దాటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చింది. ఒక రోజు వ్యవధిలో ఇద్దరు రైతులను చంపింది, తర్వాత నది దాటి తిరిగి వెళ్లిపోయింది. ఏనుగు ఎదురైతే ఏం చేయాలో ఆ పల్లెల్లో ఎవరికీ తెలియదు, తెలియాల్సిన అవసరం అంతకు ముందు రాలేదు. అది మళ్లీ రావచ్చు. ప్రాణహిత ఒడ్డున, కాగజ్‌నగర్ అడవుల అంచున ఏ ఊరి చెత్త ఎక్కడ పడుతోందో ఇప్పుడే చూసుకుని, తడి చెత్తను అడవి వైపు వెళ్లకుండా ఆపడానికి అక్కడ ఇంకా సమయం ఉంది. పల్లక్కాడులో 2008లో కూడా అంతే సమయం ఉంది.